గుడ్డ పరచని బల్ల

మా బావ పోయాడు. ఈ మాట నాకు మస్కట్‌కు దూరంగా ఇబ్రి సైట్‌లో, మూడో అంతస్తు స్లాబ్ మీద ఉండగా ఫోన్‌లో అందింది. చేసింది మా కాంపు డ్రైవర్, హైదరాబాద్ భాయ్. ఏ సంగతైనా ముందు ఒక జోక్ వేసి చెప్పే మనిషి, ఆ రోజు సలాం కూడా చెప్పలేదు. "మేస్త్రీ సాబ్, జర కింద కూసో" అన్నాడు. సైట్‌లో నన్ను కూర్చోమని చెప్పే మగాడు ఇంతవరకు లేడు. నిలబడే విన్నాను. పదకొండు గంటలప్పుడు అల్ హైల్ కాంపు మెస్‌లో బియ్యం కడుగుతూ బావ ఒక పక్కకు ఒరిగాడట. హాస్పిటల్‌కు చేరేలోపే అయిపోయింది.

"కడిగిన బియ్యం గట్లనే ఉన్నయి. ఎసట్ల ఎవరు పొయ్యాలె?" అని భాయ్ నన్ను అడిగాడు.

"నువ్వే పొయ్యి" అని ఫోన్ పెట్టేశాను.

ఆ స్లాబ్ మీద అప్పుడు కాంక్రీటు పోస్తున్నాం. కాంక్రీటు మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు పడుతుంది, ఎప్పటికైనా ఆ అతుకు దగ్గరే నీరు కారుతుంది. సాయంత్రం దాకా నిలబడి పోయించాను. నన్ను రాతిగుండె అన్నవాళ్లున్నారు. అననీ.

నేను రాసేవాణ్ణి కాను. నాలుగో తరగతి దాకా చదివాను, తర్వాత తాపీ పట్టాను, ఇప్పటికీ దించలేదు. నా అక్షరం వంకరగా వస్తుంది, నా గోడ మాత్రం రాదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం ఒకటే. బావ భార్యకు, అంటే నేను అక్కా అని పిలిచే మనిషికి, నేనొక సంగతి చెప్పాలి. మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను. నోటితో రానిది చేతితో వస్తుందేమోనని చూస్తున్నాను. ఆమెకు చదువు రాదు, మనుమరాలు చదివి వినిపిస్తుంది. బిడ్డా, తొందరపడకుండా చదువు. మధ్యలో నాయనమ్మ ఆపమంటే ఆపు.

బావ అంటే నెత్తురు సంబంధం కాదు. ఆయనది జగిత్యాల దిక్కు, నాది ఆర్మూరు దిక్కు. ముప్పై ఏళ్ల కింద ఇద్దరం ఒకే విమానంలో మస్కట్‌లో దిగాం. విమానంలో నా పక్క సీటు ఆయనది. తిండి డబ్బా చేతికిచ్చారు. ఎట్లా విప్పాలో నాకు తెలియదు, ఎవరినైనా అడగడం నా వల్ల కాదు. ఒళ్లో పెట్టుకుని ఆకలి లేనట్టు కూర్చున్నాను. ఆయన నన్ను అడగకుండానే నా డబ్బా విప్పి నా ముందు పెట్టి, "తిను బామ్మర్ది, ఆకలికి సిగ్గేంది" అన్నాడు. ఒక మనిషి నన్ను బామ్మర్ది అన్నాక ఆయన నాకు బావ కాక ఇంకేమవుతాడు.

నేను కట్టుబడి పనిలోకి పోయాను. ఆయన బౌషర్‌లో ఒక పెద్దింట్లో వంటవాడయ్యాడు. ఆ ఇంటి అర్బాబ్, అంటే యజమాని, ముసలాయన. మా బావ చేతి అన్నం రుచి మరిగాక ఇంకొకరి చేతిది ముట్టేవాడు కాదు. ఆ ముసలాయనకు ఒక ఎండాకాలం కడుపులో ఏదో జబ్బు పుట్టింది. కొడుకు ఆయనను జర్మనీకి, మ్యూనిక్ అనే ఊరికి తీసుకుపోయాడు. తిండి కోసం మా బావనూ వెంట తీసుకుపోయాడు. ఇది పన్నెండేళ్ల కిందటి మాట. నలభై రోజులు ఉన్నారు. ముసలాయన బతికి వచ్చాడు, ఇంకో ఆరేళ్లు బతికాడు. ఆయన పోయాక బావ మా కంపెనీ మెస్‌కు వంటకు వచ్చాడు.

మెస్‌కు వచ్చిన నాటి నుంచి మాకందరికీ మ్యూనిక్ నోటికొచ్చింది. మా కాంపులో ఉన్నది తాపీవాళ్లు, కడ్డీ పనివాళ్లు, కరెంటు పనివాళ్లు. అందులో ఒక్కడు కూడా ఆ ఊరికి పోయేది లేదు. బావ మాత్రం అందరికీ రేపే విమానం ఉన్నట్టు చెప్పేవాడు. ప్రతి మాటా "దిగినవనుకో" అని మొదలయ్యేది.

"దిగినవనుకో. పొద్దుగాల రొట్టెల దుకాణంకు పో. నిలవడి తాగే బల్లలుంటయి. ఆడ కాఫీ చవుక. కూసుంటె ధర పెరుగుతది. నిలవడుడు మనకు కొత్తనా? రొట్టె తీస్కో. పెద్ద సకినం ముడేసినట్టుంటది, మీద దొడ్డుప్పు. ఆ ఉప్పు గోకి పారేయకు, నవ్వుతరు. పదైనంక సంతకు పో. పీపాలల్ల దోసకాయలు ఊరేసి ఉంటయి. ఒకటి చాలు, కాయితంల చుట్టిస్తరు. పక్కన్నే నల్లా ఉంటది, తాగు. నీళ్ల సీసా కొన్నోడు ఆ ఊర్ల పరాయోడు."

"చాచా, గదంత ఠీకే. ఇయ్యాల పప్పుల ఉప్పేస్తివా లేదా?" అనేవాడు భాయ్.

"నీకు మల్ల వేరే చెప్తున్న భాయ్. నువ్వు సీకులు కాల్చే దుకాణాల దిక్కు పోకు. అన్నిట్ల పంది. నీకు చేప. ఇంత పొడుగు పుల్లకు నిలువుగ గుచ్చి నిప్పుల పక్కన నిలవెడ్తరు."

"మా అమ్మీ పుల్లతోని నన్ను కొట్టింది గని చేపను గుచ్చలే" అని భాయ్ నవ్వేవాడు. కానీ ఒకరోజు లారీలో నాతో పోతూ, "మేస్త్రీ సాబ్, ఆ చేపకు ముల్లు తీస్తరంటవా?" అని అడిగాడు. అంటే మనసులో దిగి, తింటున్నాడన్న మాట. బావ చెప్పడం అట్లా ఉండేది.

అన్నీ చెప్పి, చివరకు ఒక తోట దగ్గరకు వచ్చేవాడు. పెద్దాకుల చెట్లు, చిక్కటి నీడ, కింద కంకర, వరసగా పొడుగు బల్లలు. "కొన్ని బల్లల మీద గుడ్డ పరిచి ఉంటది. ఆడ కూసోకు. కూసున్నవా, వాళ్లే వడ్డిస్తరు, వాళ్లదే తినాలె. గుడ్డ పరవని బల్ల సూసుకో. అది మనది. బీరు వాళ్లకాడ కొనుక్కోవాలె, తిండి ఇంటికెల్లి తెచ్చుకోవచ్చు. సద్ది విప్పుకొని తింటవో, రొట్టె తింటవో, ఎవ్వడేమనడు."

"అయితె అది మన కల్లు మండువనే గద" అన్నాను నేను. "కల్లు గౌడది, గుడాలు మనయి."

"గందుకే చెప్తున్న బామ్మర్ది. ఏడ సముద్రాల అవతల మన కల్లు మండువ."

"కింద కంకర అన్నవు. ఎంత సైజు? దిమ్మిస కొట్టిండ్రా, ఉత్తగ పోసిండ్రా?"

ఆయనకు కోపం వచ్చేది. "నిన్ను స్వర్గానికి తోల్కపోయినా, పునాది ఎంత లోతు తీసిండ్రని అడుగుతవు" అనేవాడు.

ఆ బల్లకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయట. ఒంటరిగా కూర్చోరాదు. బల్ల ఖాళీగా ఉన్నా, ఎవరైనా కూర్చున్న బల్ల చూసుకుని, వాళ్లను అడిగి, వాళ్ల ఎదురుగా కూర్చోవాలి. "అది ఒక్కడు తినే జాగ కాదు. ఎదురుంగ ఒక మొఖం ఉండాలె" అనేవాడు. గ్లాసుకు గ్లాసు తాకించేటప్పుడు ఎదుటి మనిషి కళ్లలోకి చూడాలి. కళ్లు తిప్పుకుంటే మర్యాద తప్పినట్టు. కాంపులో బీరు లేదు. మా బావ పాలు లేని చాయ్‌తోనే ఆ మర్యాద నడిపించాడు. నా గ్లాసుకు తాకించి నా కళ్లలోకి చూసేవాడు. నేను గోడ వైపు చూసేవాణ్ణి. ఇద్దరు ముసలి మగవాళ్లు కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకోవడం ఏమిటి.

ఒకనాడు నాతో, "సైట్ల పాత షట్టరింగ్ చెక్క పడున్నది గద, నాకొక బల్ల కొట్టియ్యి" అన్నాడు. కాంపు వెనక, వర్క్‌షాపుల గోడ పక్కన ఒక వేపచెట్టు ఉంది. దాని కింద పన్నెండడుగుల బల్ల, రెండు పక్కలా రెండు బెంచీలు కొట్టాను. మట్టం పెట్టి చూసుకోండి, నేటికీ బియ్యపుగింజంత తేడా లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఎవరి రూమ్‌లో వండుకున్నది వాళ్లు తెచ్చుకుని ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. చాయ్ మాత్రం బావది. ఒకసారి కరెంటు పనివాళ్లు బల్ల పాడవుతుందని ప్లాస్టిక్ కాగితం పరిచారు. బావ వచ్చి లాగి పారేశాడు. "గుడ్డ పరిస్తె అది మెస్. పరవకుంటె అది మనది" అన్నాడు.

మొదట మా రూమ్ వాళ్లమే కూర్చున్నాం. తర్వాత కడప సాయిబులు పొంగలి మీద కోడికూర పోసుకుని వచ్చారు. బంగ్లావాళ్లు చేపపులుసుతో వచ్చారు. ఒక ఎండాకాలం రెండో కాంపు మలయాళీలు కూడా వచ్చారు. ముప్పై ఏళ్లుగా ఒకే గేటులో వచ్చిపోతూ పేరు తెలియని మనుషులు ఆ బల్ల దగ్గర ఒకరి గిన్నెలో ఒకరు చేయి పెట్టారు. ఇది మా బావ చేసిన పని. ఎవరూ ఆయనకు శాలువా కప్పలేదు, కప్పితే దానితో బల్ల తుడిచేవాడు.

ఆ బల్ల మీద ప్రతి శుక్రవారం ముల్లంగి ఉండేది. పచ్చిది, తెల్లది, మోచేయంత పొడుగుది. సన్నని కత్తి దించి, తిప్పుతూ తిప్పుతూ కోసేవాడు. ముక్క తెగేది కాదు. మొత్తం ముల్లంగి చుట్టలు చుట్టలుగా స్ప్రింగులా సాగేది. దాని మీద ఉప్పు చల్లి ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. "ఆగుండ్రి. అది ఏడ్వాలె" అనేవాడు. కాసేపటికి నీరు ఊరేది. "ఏడ్సింది, ఇగ తినుండ్రి. ఏడ్సినంకనే ఘాటు పోతది." ఆ ఊళ్లో అట్లాగే తింటారట, అట్లాగే అంటారట.

నా వాటా నా ముందు పెట్టేవాడు. నేను వెనక్కి నెట్టేవాణ్ణి. "పశువుల మేత నాకెందుకు" అనేవాణ్ణి. ఆరేళ్లు, ప్రతి శుక్రవారం, ఆయన పెట్టాడు, నేను నెట్టాను. ఒక్కసారి కూడా ఇంక పెట్టనులే అనలేదు.

అక్కా, ఇక్కడి నుంచి నీకు.

పోయిన ఎండాకాలం ఒక శుక్రవారం. ఎండకు అందరూ తొందరగా లేచిపోయారు. బల్ల దగ్గర మేమిద్దరమే ఉన్నాం. ముల్లంగి కోస్తూ కోస్తూ బావ కత్తి ఆపాడు.

"బామ్మర్ది, మా అవ్వ పోయినప్పుడు నేను మస్కట్‌ల లేను" అన్నాడు.

అక్కా, నీ అత్త పోయినప్పుడు నువ్వు బౌషర్‌లో ఉన్నాడనుకుని ఫోన్ చేశావు. ఆ ఫోన్ ఆయనకు మ్యూనిక్‌లో అందింది. ఆ ఊరికి పోయినట్టు ఇంట్లో చెప్పలేదు, తిరిగి వచ్చాక సామాను తెచ్చి చూపించి చెబుదామనుకున్నాడట. పాస్‌పోర్టు అర్బాబ్ కొడుకు దగ్గర ఉంది. పోయి అడిగాడు. "నువ్వు పోతే మా నాన్న నోట్లో మెతుకు పడదు, పది రోజులు ఆగు" అన్నాడు ఆ కొడుకు. అర్బాబ్ పంపలేదని నీతో చెప్పాడు. అది అబద్ధం కాదు. కానీ నాతో చెప్పింది ఇంకొంచెం ఉంది. ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"ఒక్కసారే అడిగిన. రెండోసారి అడిగితె పంపుతుండె. ఆ పిలగాడు మంచోడు. నేనే అడగలె. దినాం పగటీలి మూడు గంటలు నాకు డ్యూటీ లేకుండె. ఆ చెట్ల కింద కూసునేటోణ్ణి. పద్దెనిమిదేండ్లల్ల నన్ను ఎవ్వడు పిలవకుండ, ఎవ్వనికి అన్నం పెట్టకుండ కూసున్న జాగ అదొక్కటే. దాన్ని ఇడిసి పోబుద్ధి కాలె. అవ్వ ఎట్లైన పాయె అనుకున్న. గట్ల అనుకున్నోన్ని నేనే."

ఫోన్ వచ్చిన మర్నాడు కూడా అక్కడికే పోయాడట. సద్ది విప్పాడు, అన్నం, మామిడి తొక్కు. తినలేకపోయాడు. బల్లకు తల ఆనించి ఏడ్చాడు. ఎదురుగా ఎవరో ముసలాయన, ముందెప్పుడూ చూడని మనిషి, ఏమీ అడగలేదు. తాను తినబోతున్న ముల్లంగి పళ్లెం మెల్లగా ఇవతలికి నెట్టాడు. మా బావ అంతవరకు ముల్లంగి తినేవాడు కాదు. ఆ రోజు తిన్నాడు. ఆ ముసలాయన మామిడి తొక్కు నాకి, కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడట, కారానికి.

మూడో నాడు అదే బల్ల చివర, చెక్క మీదే, ఇంత అన్నం, తొక్కు, ముల్లంగి పెట్టి తల్లికి చూపించాడు.

మా దిక్కు ఆచారం తెలియనివాళ్లకు చెబుతున్నాను. మనిషి పోయిన మూడో నాడు, వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరం జరుగుతాం. పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో మనసులో పెట్టుకున్నట్టు. పిట్ట అంటే కాకి.

"కాకి రాలే బామ్మర్ది. పిచ్చుక వచ్చింది. రెండు మెతుకులు ముక్కున కర్సుకొని పోయింది. పిచ్చుక ముడితె లెక్కనేనా?" అని బావ నన్ను అడిగాడు. పదకొండేళ్లు ఎవరినీ అడగక దాచుకున్న ప్రశ్న. కత్తి చేతిలో అట్లాగే ఉంది. నా మొహం వైపు చూస్తున్నాడు.

"లెక్క కాదు. కాకే ముట్టాలె" అన్నాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా గుణం. వంకర గోడను వంకర అంటాను, ఇంజనీరు కట్టించినా సరే. దాన్ని నేను పెద్దరికం అనుకున్నాను. బావ సరే అన్నట్టు తల ఊపాడు. మిగతా ముల్లంగి కోశాడు. ఉప్పు చల్లాడు. నా వాటా నా ముందు పెట్టాడు. నేను నెట్టాను. "ఇంట్ల చెప్పకు" అన్నాడు. చెప్పనన్నాను. లెక్కే అని ఒక్క మాట అంటే నాది ఏం పోయేది.

ఇబ్రి నుంచి ఆ రాత్రే వచ్చినా హాస్పిటల్‌లో బావను నాకు చూపించలేదు. బంధువువా అని అడిగారు. బావ అన్నాను. కాగితం చూపించమన్నారు. ఆయన పాస్‌పోర్టులో నా పేరు లేదు, నా దాంట్లో ఆయన పేరు లేదు. అడిగినవాడిది తప్పేమీ లేదు, వాడి డ్యూటీ వాడు చేశాడు. ఐదు రోజులకు పెట్టె ఊరికి పోయింది. వెంట పోదామంటే స్లాబ్ పని మధ్యలో ఉంది, లీవ్ దొరకలేదు. ముప్పై ఏళ్ల చుట్టరికం, ఆరేళ్లు పక్కపక్క మంచాలు. ఎయిర్‌పోర్టు కార్గో గేటు బయట భాయ్ బండిలో కూర్చుని, ఏ విమానంలో ఉన్నాడో తెలియక లేచిన ప్రతి విమానాన్నీ చూశాను.

ఊళ్లో దహనమయ్యాక మూడో నాడు అక్క వీడియో ఫోన్ చేసింది. పొలం గట్టు. విస్తట్లో మటన్, గారెలు, బూరెలు, పక్కన సీసాలో కల్లు, సిగరెట్ పెట్టె. కరెంటు తీగ మీద కాకులు వరసగా ఉన్నాయి. ఒక్కటీ దిగడం లేదు. పొద్దున పెట్టిన విస్తరి, సూర్యుడు నెత్తి మీదికొచ్చాడు.

"తమ్మీ, ఏం తక్కువైందో జర చెప్పు" అంది అక్క. "పెండ్లైన కాడికెల్లి లెక్కవెట్టినా ఆయిన నా తాన ఉన్నది నాలుగేండ్లు కాదు. నీ తాన్నే ఉండె. ఆయినకు ఏం ఇష్టమో నాకేమెరుక? నీకే ఎరుక."

"ముల్లంగి పెట్టక్కా" అన్నాను.

"ముల్లంగా? ఇంటికొచ్చినప్పుడు ముల్లంగి వండితె పీట మీదికెల్లి లేశిపోయేటోడు."

"ఈడ అలవాటైంది. పెట్టు."

ఎవరినో పంపి తెప్పించింది. గంట తర్వాత మళ్లీ ఫోన్. విస్తట్లో ముల్లంగి ఉంది. చింతపండు పులుసు పోసి, పోపు పెట్టి, కమ్మగా వండింది. పోయిన మనిషికి పచ్చిది ఎవరు పెడతారు. ఆవిరి ఫోన్‌లో కూడా కనబడుతోంది. పచ్చిది అక్కా, ఉప్పు చల్లి పెట్టు, అనాలి. అంటే ఎందుకంటుంది. ఎక్కడ తిన్నాడంటుంది. ఎప్పుడు తిన్నాడంటుంది. మాటిచ్చాను. నా నోరు, ఎవరి ముందూ మూతపడని నా నోరు, ఆ ఒక్క రోజు మూతపడింది.

కాకులు లేచిపోయాయి. పెద్దమనుషులు ఇక చాలన్నారు. విస్తరి ఎత్తి ఆవుకు పెట్టారు. అక్క ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "ఏదో మనసుల వెట్టుకోని పోయిండు తమ్మీ. నా మీదనే కోపమైతదా?" అని అడిగింది.

నీ మీద కాదక్కా. నువ్వు వండినదానిలో ఏ తక్కువా లేదు. ఇది చెప్పడానికే ఈ రాతంతా. ఆయనకు నేను ఇచ్చిన మాట తప్పాను. ఆ పాపం నాకే ఉండనీ, నీకు ఆ అనుమానం ఉండకూడదు. ఆయనను తిట్టుకోవాలనుకుంటే తిట్టుకో. రెండోసారి అడగకపోవడం తప్పే. నేనూ అదే అంటాను. కానీ ఆ తప్పును ప్రతి శుక్రవారం పన్నెండడుగుల బల్ల మీద పెట్టుకుని, నలుగురికి పంచి తిన్నాడు. అది నేను కళ్లారా చూశాను.

మొన్న శుక్రవారం నేనే పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఆరు ముల్లంగులు తెచ్చాను. బావ కత్తి మెస్‌లోనే ఉంది. దించి తిప్పాను, తెగింది. ఇంకొకటి, అదీ తెగింది. యాభై ఏళ్లు ఇటుక చెక్కిన చేయి, సెంటీమీటరు తేడా రానివ్వని చేయి, ముల్లంగి దగ్గర ఓడిపోయింది. ఐదు ముక్కలు ముక్కలయ్యాయి. ఆరోది సగం దాకా సాగింది. అదే ప్లేటులో పెట్టాను. గుప్పెడు అన్నం, మామిడి తొక్కు. రెండు గ్లాసుల చాయ్. ముల్లంగి మీద ఉప్పు చల్లి, ఆచారం ప్రకారం దూరం జరిగి గోడ పక్కన నిలబడ్డాను.

అల్ హైల్ కాకులు సిగ్గులేనివి. మామూలు రోజు చేతిలో రొట్టె ఎత్తుకుపోతాయి. నీళ్ల ట్యాంకు మీద నాలుగు కూర్చున్నాయి. ఒకటి దిగి బల్ల చివర వాలింది. రెండు గెంతులు వేస్తే ప్లేటు.

అప్పుడు నాకు బెంచీ కనబడింది. ప్లేటుకు ఎదురు బెంచీ, నేను కొట్టింది, ఖాళీగా ఉంది. అది ఒక్కడు తినే జాగ కాదు. ఎదురుంగ ఒక మొఖం ఉండాలె.

పోయి కూర్చున్నాను. కాకి లేచి ట్యాంకు మీదికి పోయింది.

మెస్ తలుపు దగ్గర నుంచి భాయ్ చూశాడు. ఆయనకు సంగతి అర్థమైంది. "మేస్త్రీ సాబ్, ఇటు వచ్చేయి. నువ్వు ముంగట కూసుంటె కౌవా ఎట్లొస్తది?" అన్నాడు మెల్లగా.

నిజమే. నేను లేస్తే కాకి వస్తుంది. కానీ నేను లేస్తే బావ ఒక్కడే తినాలి. కూర్చుంటే ఎదురుగా మనిషి ఉంటాడు, పిట్ట ముట్టదు. ఇన్నేళ్ల పనిలో ఎన్నో చిక్కులు చూశాను, ఇట్లా రెండు పక్కలా తోవ లేని చిక్కు చూడలేదు. 

"పిచ్చుకైనా లెక్కనే బావా" అన్నాను. పైకే అన్నాను. ఆ ఎండకు పిచ్చుక కూడా లేదు.

చాయ్ గ్లాసు ఎత్తి ఆయన గ్లాసుకు తాకించాను. గోడ వైపు చూడలేదు. ఆయన కూర్చుంటే కళ్లు ఎక్కడ ఉంటాయో అక్కడ చూశాను. ముల్లంగి ముక్క ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. తొందరపడ్డాను, ఘాటు ఇంకా పోలేదు.

కాకులు ట్యాంకు మీదే ఉన్నాయి. నేను బెంచీ మీదే ఉన్నాను. ప్లేటులో ఉప్పు కరిగి, ముల్లంగి ఏడవడం మొదలుపెట్టింది. ఆ నీళ్లు అంచు దాటి, గుడ్డ పరచని బల్ల మీదికి జారి, చెక్కలోకి ఇంకిపోతున్నాయి.